నన్నయగారి ప్రగతి నివేదిక

మొన్న సంక్రాంతికి మా ఊరు వెళ్ళినపుడు అటక మీది ట్రంకుపెట్టె దించవలసి వచ్చింది. అందులో రెండు వస్తువులు పక్కపక్కనే దొరికాయి. ఒకటి నల్ల రెక్సిను అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో ఇంకా మెరుస్తున్న నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం. 412 పుటలు. రెండవది ఒక రూళ్ళ నోటుపుస్తకం. అందులో 37 పుటలు మాత్రమే రాసి ఉన్నాయి. చెదపురుగులు సిద్ధాంత గ్రంథాన్ని ముట్టుకోలేదు గాని నోటుపుస్తకం అంచులన్నీ తినేశాయి. చెదపురుగులకు కూడా సాహిత్యాభిరుచి ఉంటుందని ఆ రోజే తెలిసింది నాకు.

చాలాకాలంగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వస్తున్న మాట ఇది. ఇక దాచుకోలేను. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలలో పరిశోధన పేరుతో జరుగుతున్న పని, రాయగలిగిన కుర్రవాళ్ళ చేత రాయడం మానిపించే పనిగా తయారయింది. ఈ మాట కటువుగా ఉందని నాకు తెలుసు. నేను చదివిన చోటు పేరు మాత్రం చెప్పను. ఎందుకంటే ఇది ఒక చోటి జబ్బు కాదు, ఒక మనిషి తప్పూ కాదు. పైగా నాకు డిగ్రీ ఇచ్చినవారిని తిట్టడానికి కూర్చోలేదు. నా తర్వాత అదే బల్ల ముందు కూర్చున్నవారి కోసం రాస్తున్నాను.

మాది కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చేనాటికి నాకు పద్నాలుగేళ్ళు. ఆ రాత్రి ఎంతమంది పోయారో, ఎన్ని ఇళ్ళు కూలాయో పెద్దలు రాశారు, పత్రికలు రాశాయి. నాకు జ్ఞాపకం ఉన్నది తెల్లవారిన తర్వాతి ఆకాశం. మా పెరట్లో నిలబడితే అంతకు ముందెన్నడూ అంత ఆకాశం కనబడేది కాదు. కొబ్బరిచెట్లన్నీ ఎవరో చెప్పినట్టు ఒకే దిక్కుకు తలలు పెట్టి పడుకున్నాయి. మా మామ్మ ఒక్కొక్క చెట్టు దగ్గరకూ వెళ్ళి మొదలు మీద చెయ్యి వేసి నిలబడింది. ఏడవలేదు. ఆ చెట్లకు ఆమె పెట్టుకున్న పేర్లున్నాయి. పెద్దత్త పెళ్ళినాడు వేసినది, తాతగారు కాలు విరగ్గొట్టుకున్నది, గోదారి వరదలో కొట్టుకొచ్చిన మొక్క... ప్రతి చెట్టుకూ ఒక కథ. ఆ చెట్ల పేర్లతోనే అధ్యాయాలు పెట్టి ఒక నవల రాయాలన్నది నా కోరిక. నోటుపుస్తకంలోని 37 పుటలు అవే.

2003లో ఎమ్మే తెలుగులో చేరినపుడు నాకున్న నమ్మకం అమాయకమైనది. రాయడం నేర్చుకోవాలంటే తెలుగు చదవాలి, తెలుగు చదవాలంటే తెలుగు శాఖలో చేరాలి అనుకున్నాను. వడ్రంగం నేర్చుకునేవాడు వడ్రంగి దగ్గర చేరినట్టు. ఎమ్మే రెండేళ్ళూ నిజంగానే బాగా గడిచాయి, అబద్ధం చెప్పకూడదు. నన్నయ అక్షరరమ్యత అంటే ఏమిటో పద్యాన్ని చెవితో విని తెలుసుకునేట్టు చేసిన మాస్టారొకరు ఉండేవారు. ఆయన పాఠం అయ్యాక హాస్టలు మెట్ల మీద కూర్చుని గణాలు లెక్కపెట్టుకుంటూ, పక్క గది మిత్రుడి కథలను నిర్దాక్షిణ్యంగా చీల్చి చెండాడుతూ, వాడు నా కథలకు అదే మర్యాద చేస్తుంటే ఓర్చుకుంటూ ఉండేవాళ్ళం. మెస్సులో సాంబారు మీద కన్నా శ్రీపాదవారి సంభాషణల మీద ఎక్కువ తగవులాడుకున్నాం. సెలవులకు వస్తే సగం రోజులు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనే. గోదావరి గాలి ఆ పాత పుస్తకాల వాసనతో కలిసి వస్తుంటే, ఈ ఊళ్ళోనే కదా తెలుగు కవిత్వం పుస్తకానికెక్కింది అని ఒళ్ళు పులకరించేది.

2007లో పరిశోధనలో చేరాను. ఫెలోషిప్పు వచ్చింది. మా ఇంట్లో నెలనెలా డబ్బు తెచ్చుకునే మొదటి చదువరిని నేనే. నవల సంగతి గైడుగారితో చెప్పాను. ఆయన మంచివారు. నవ్వి, "నవల ఎప్పుడైనా రాసుకోవచ్చు నాయనా, ముందు థీసిస్ కానియ్యి" అన్నారు. అంశం కూడా ఆయనే ఇచ్చారు. పేరున్న రచయిత ఒకరి నవలలు - సమగ్ర పరిశీలన.

ఈ 'సమగ్ర పరిశీలన' అనే మాట తెలియని పాఠకులు అదృష్టవంతులు. అందులో మొదటి అధ్యాయం రచయిత జీవితం. రెండవది నవల పుట్టుక, పరిణామం. నవల అనే మాటకు వ్యుత్పత్తి దగ్గర మొదలుపెట్టి, అంతకు ముందు వచ్చిన గ్రంథాల్లో ఉన్నదే మరొక మారు చెప్పాలి. మూడు ఇతివృత్తాలు, నాలుగు పాత్రచిత్రణ, అయిదు సామాజిక చైతన్యం, ఆరు శిల్పం, ఏడు భాష. చివర ఉపసంహారం. రచయిత పేరు మార్చితే అస్థిపంజరం అదే సరిపోతుంది. ఆ రచయిత ఎందుకు గొప్పవాడో, ఎక్కడ తప్పటడుగు వేశాడో, మనం ఈనాడు ఆయన్ను ఎందుకు చదవాలో ఎవరూ అడగరు. ఏడవ అధ్యాయం కోసం నేను ఆయన నవలలన్నిటిలో సామెతలు, జాతీయాలు ఏరాను. పుట సంఖ్యతో సహా 683. అకారాది క్రమంలో పెట్టాను. ఆ పనికి పదకొండు నెలలు పట్టింది.

ఆ పదకొండు నెలల్లోనే ఒకసారి ఇంటికి వెళ్ళాను. మామ్మ అరుగు మీద కూర్చుని కొబ్బరి ఈనెలు చీరుతూ అడిగింది.

"ఏరా అబ్బాయ్, మన చెట్ల కత రాత్తానన్నావు. రాసేవా?"

"లేదు మామ్మా. థీసిస్ అయిపోనీ, వచ్చి కూర్చుంటాను. నువ్వు చెబుతూ ఉంటే నేను రాసుకుంటాను."

"అదెప్పుడవుద్దిరా?"

"ఇంకో ఏడాది."

"కోడి కూసేదాకా పొద్దు ఆగదు నాన్నా" అంది నవ్వుతూ. ఆ మాట నేను అంతకు ముందెక్కడా వినలేదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇది నా జాబితాలో లేదే అనుకున్నాను. మరుక్షణమే, ఇది నా రచయిత వాడలేదు కనుక నా పనికి రాదు అని కూడా అనుకున్నాను. ఆ రెండవ ఆలోచన నాది కాదు, నాకు నేర్పబడినది. అచ్చులో సామెతలు ఏరుకోవడం నేర్చుకున్నవాణ్ణి, సామెత చెబుతున్న మనిషి ముందు కూర్చుని కాగితం తియ్యలేదు.

2011 ఆషాఢంలో మామ్మ పోయింది. గ్రంథం 2012లో సమర్పించాను. డిగ్రీ వచ్చింది. పెరట్లో తుపాను తర్వాత వేసిన చెట్లు అప్పటికే కాపుకొచ్చాయి, దింపులు కూడా తీస్తున్నారు. పడిపోయిన చెట్ల పేర్లలో నాకు ఆరు మాత్రమే జ్ఞాపకం. మొత్తం నలభై పైచిలుకు.

సరే, ఇది నా ఏడుపు. తప్పులో సగానికి పైగా నాది. రాత్రిపూట ఒక్క గంట మేలుకుని రాసుకుంటే ఎవరు వద్దన్నారు? ఫెలోషిప్పు ఆగిపోతుందన్న భయం, గైడుగారి మాట కాదనలేని పిరికితనం, అన్నిటికన్నా ముఖ్యంగా, 'ఇది పూర్తయ్యాక' అని చెప్పుకోవడంలోని సుఖం. ఇవన్నీ నావే. కాని ఒక వ్యవస్థ మనిషిలోని పిరికితనాన్ని పోషిస్తోందా, ధైర్యాన్ని పోషిస్తోందా అన్నది అడగదగిన ప్రశ్నే కదా.

ఒక్కసారి ఊహించండి. పదకొండవ శతాబ్దం, రాజమహేంద్రవరం, రాజరాజనరేంద్రుని కొలువు. భారతం తెలుగు చేయమని నన్నయగారికి రాజు అప్పగించాడు. ఇప్పటి మన నిబంధనలు అప్పుడే ఉంటే? ఆరు నెలలకొకసారి ప్రగతి నివేదిక. "ఆదిపర్వము పూర్తియైనది, సభాపర్వము పూర్తియైనది, అరణ్యపర్వము కొంత భాగము మిగిలియున్నది." గడువు దాటింది, నమోదు రద్దు! తిక్కనగారు పదమూడవ శతాబ్దంలో వచ్చి విరాటపర్వం నుంచి అందుకున్నారు. మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని పద్నాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱనగారు పూరించారు. ఆ పొడిగింపుకు ఏ డీన్ సంతకం పెట్టి ఉండేవారో! పైగా నన్నయగారి కృతి అనువాదం గనుక మౌలికత లేదని ఒక పరీక్షకుడు, పీఠికలో పూర్వ పరిశోధనల సమీక్ష లేదని ఇంకొక పరీక్షకుడు తిప్పి పంపేవారు. హాస్యానికి అంటున్నాను గాని, రాజు చేసినది ఈనాటి భాషలో ఫెలోషిప్పు ఇవ్వడమే. రాసేవాడికి అన్నం పెట్టి, రాయమన్నాడు. మనం అన్నం పెట్టి, రాయవద్దంటున్నాం.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

"రచయితలను తయారు చేయడం విశ్వవిద్యాలయం పని కాదు" అంటారు. ఎవరు నిర్ణయించారు? మన గోదావరి జిల్లాల చరిత్రే ఈ మాటను ఒప్పుకోదు. వీరేశలింగంగారు రాజమండ్రిలో పంతులు ఉద్యోగం చేస్తూనే ధవళేశ్వరం నేపథ్యంగా 'రాజశేఖర చరిత్రము' రాశారు. తరువాత 1909 నుంచి పదేళ్ళపాటు రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ఉండేవాడు. ఆయన స్వయంగా చిత్రకారుడు, రచయిత. ఆయన చేరదీసిన కుర్రవాళ్ళలో దామెర్ల రామారావు ఒకరు, అడవి బాపిరాజు ఒకరు, కవికొండల వెంకటరావు ఒకరు. దామెర్ల 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయినా, ఆయన బొమ్మలు ఇప్పటికీ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో చూడవచ్చు. పరాయి ప్రభుత్వపు జీతగాడు, పరాయి భాషవాడు. తెలుగు పిల్లల చేతుల్లో కుంచె, కలం చూసి, "ఇది తర్వాత, ముందు పరీక్ష" అని ఊరుకోలేదు. ఆ పని చేసినందుకు ఆయనకు పదోన్నతి పాయింట్లేమీ రాలేదు. ఆ కాలంలో పాయింట్లు లేవు, అదే మన అదృష్టం.

ఇంకొకటి. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలి సంవత్సరాలలోనే నవలల పోటీ పెట్టింది. 1934లో ఆ బహుమతిని విశ్వనాథవారి 'వేయిపడగలు', బాపిరాజుగారి 'నారాయణరావు' పంచుకున్నాయి. అంటే ఒక తెలుగు విశ్వవిద్యాలయం నవల రాయమని అడిగింది, ఇద్దరు రాశారు, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రెండిటి గురించీ మనం పోట్లాడుకుంటున్నాం. అదే నవలల మీద తరువాత వచ్చిన పరిశీలనల గురించి ఎవరైనా పోట్లాడుకోగా విన్నారా? మొదట నవలను అడిగిన చోటు, తరువాత నవల మీద లెక్కల పుస్తకాన్ని మాత్రమే ఒప్పుకోవడం ఎప్పుడు మొదలైందో తెలుగు శాఖలే తమను తాము ప్రశ్నించుకోవాలి.

"రాసేవాడికి కళాశాలతో పనేమిటి? శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఇంగ్లీషు చదువు చదవకుండానే రాయలేదా?" అంటారు. రాశారు. మామ్మల మాటను తెలుగు వచనంలో ఆయనంత చెవితో పట్టినవారు అరుదు. కాని శాస్త్రిగారికి ఒక విద్య, ఒక గురుపరంపర, పద్యం విని తప్పు పట్టగలిగిన ఒక సమాజం చుట్టూ ఉన్నాయి. ఈనాడు లంక గ్రామం నుంచి వచ్చిన పేద పిల్లవాడికి, దింపు కార్మికుడి కూతురికి, పుస్తకాలూ తీరికా తోటి రాతగాళ్ళూ ఒకేచోట దొరికేది ఒక్క విశ్వవిద్యాలయంలోనే. డబ్బున్నవాడు ఎక్కడైనా రాసుకుంటాడు. ఫెలోషిప్పు తప్ప గతి లేనివాడి సంగతే నేను మాట్లాడుతున్నది.

"సి. నారాయణరెడ్డిగారు పరిశోధనా చేశారు, కవిత్వమూ రాశారు కదా" అని ఇంకొకరు. నిజమే. ఆయన ఎన్నుకున్న అంశం చూడండి. ఆధునికాంధ్ర కవిత్వంలో సంప్రదాయాలూ ప్రయోగాలూ. అది ఆయన కవిగా ప్రతిరోజూ ఎదుర్కొంటున్న ప్రశ్న. తన చేతిలో ఉన్న పనిముట్టు ఎక్కడ నుంచి వచ్చిందో, ఎటు పోవాలో తెలుసుకోవడానికి చేసిన పరిశోధన అది. అటువంటి పరిశోధనకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. నాకు విరోధం పరిశోధనతో కాదు, జాబితాతో.

చివరిది, అన్నిటికన్నా గట్టిది: "సృజనకు మార్కులెలా వేస్తారు?" దీనికి జవాబు మన ఇంట్లోనే ఉంది. 1985లో మన భాష కోసమే స్థాపించుకున్న తెలుగు విశ్వవిద్యాలయానికి కూచిపూడిలో కూడా పీఠం ఉంది. అక్కడ నాట్యం నేర్చుకున్నవారి చేత పరీక్షలో నాట్యం చేయిస్తారు గాని, ముద్రల జాబితా రాయించి పంపించేయరు గదా. సంగీతం విద్యార్థి పాడాలి, చిత్రలేఖనం విద్యార్థి గీయాలి. ఒక్క సాహిత్యం విద్యార్థి మాత్రం ఇతరులు రాసినదాన్ని లెక్కపెట్టాలి! బయటి దేశం మాట కావాలంటే, అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం సృజనాత్మక రచనను సిద్ధాంత గ్రంథంగా స్వీకరిస్తామని 1922లోనే ఒప్పుకుంది. 1936లో అక్కడ రచయితల శాఖ ఏర్పడింది. వాళ్ళను చూసి వాతలు పెట్టుకోమనడం లేదు. అక్కడి నుంచి వచ్చే కథలన్నీ ఒకే మూసలో ఉంటాయన్న విమర్శ కూడా ఉంది. కాని మార్కులు వేయడం అసాధ్యమన్న మాటకు మాత్రం వందేళ్ళ క్రితమే కాలం చెల్లింది.

నిబంధనల సంగతి కూడా ఒక్క మాట. యూజీసీ 2009 నిబంధనలు వచ్చాక గ్రంథం సమర్పించే ముందు పత్రికలో వ్యాసం అచ్చు వేయడం తప్పనిసరి అయింది. 2016లో దానికి రెండు సదస్సు పత్రాలు కూడా చేరాయి. దానివల్ల వ్యాసాల నాణ్యత పెరిగిందో, డబ్బు తీసుకుని అచ్చు వేసే పత్రికల సంఖ్య పెరిగిందో ఆ రోజుల్లో పరిశోధన చేసినవారిని అడగండి. 2022 నిబంధనలు ఆ షరతును తీసేశాయి, ఎం.ఫిల్.ను ఎత్తివేశాయి. అంటే దిగువ నుంచి అడిగేవారుంటే పైనుంచి నిబంధనలు మారతాయన్నమాట. అవి వేదాలు కావు. మారనిది మన అలవాటు. షరతు పోయినా 'సమగ్ర పరిశీలన' పోలేదు.

ఇంతకూ నేను కోరేది పెద్ద విప్లవమేమీ కాదు. ఒకటి, సాహిత్యంలో పరిశోధనకు వచ్చిన అభ్యర్థి కోరుకుంటే ఒక నవలో, కథాసంపుటో, దీర్ఘకావ్యమో, దానితోపాటు ఆ రచనను గురించి తాను తెలుసుకున్నదంతా చెప్పే ఒక గట్టి వ్యాసమో సమర్పించే వీలు ఉండాలి. రెండు, మిగిలినవారికి కూడా అంశానికి చివర ఒక ప్రశ్న గుర్తు ఉండాలి; జవాబు ముందే తెలిసిన అంశాన్ని నమోదు చేయకూడదు. మూడు, మొదటి ఏడాది ప్రతి పరిశోధకుడూ తన ఊరికి వెళ్ళి, తన మామ్మనో తాతనో ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళ మాటను రాసుకుని రావాలి. లైబ్రరీ ఎక్కడికీ పోదు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం నూరేళ్ళు దాటినా ఉంది. మామ్మ ఉండదు.

2006లో రాజమండ్రిలోని కొత్త విశ్వవిద్యాలయానికి ఆదికవి పేరు పెట్టుకున్నాం. గోదావరి జిల్లాల బిడ్డగా నాకది గర్వకారణం. ఆ పేరుకు అర్థం రాసినవాడు అని. రాసినవారి గురించి లెక్కలు కట్టినవాడు అని కాదు. నేను కోరే మార్పు ఎక్కడైనా మొదలు కావలసి ఉంటే, ఆ పేరున్న ఊరికన్నా తగిన చోటు కనబడదు నాకు.

పరిశోధనలో చేరబోతున్న చిన్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మనవి ఒక్కటే. మీ గైడుగారు "తర్వాత రాసుకోవచ్చు" అంటే వారి మాటను గౌరవించండి, నమస్కారం పెట్టండి, గదికి వెళ్ళి ఆ రాత్రే ఒక పుట రాయండి. నిబంధనలు మారేదాకా ఆగకండి. నేను ఆగాను కనుక చెబుతున్నాను.

ట్రంకుపెట్టెను మళ్ళీ అటక ఎక్కించాను. సిద్ధాంత గ్రంథం అందులోనే ఉంది. నోటుపుస్తకం నాతో తెచ్చుకున్నాను. చెద తినగా మిగిలిన 37 పుటలు శుద్ధప్రతి రాసుకుని, పైన జ్ఞాపకమున్న ఆరు చెట్ల పేర్లూ వేశాను. పెద్దత్తకు ఎనభై దాటాయి. ఆమెకు ఇంకో పది దాకా తెలుసునట. ఈ ఆదివారం వెళుతున్నాను. ఈసారి కాగితం తీసుకుని.